తెలుగు అక్షరాల టీషర్టులు: సొంతంగా డిజైన్ చేసి అమ్మాలనుకునేవారికి సమగ్ర మార్గదర్శి

ఈ వ్యాపారంలో నాకు దక్కిన మొదటి పెద్ద ఆర్డరు, పదో తరగతి పూర్వ విద్యార్థుల సమ్మేళనానికి 60 టీషర్టులు. నల్ల షర్టు, వీపు మీద తెల్లని తెలుగు అక్షరాలు. ఫైలును ఒక ప్రింటింగ్ యూనిట్‌కు పంపి, మర్నాడు సాయంత్రం, షర్టుల మీద వేడితో అతికించే ఫిల్ము రోల్ తెచ్చుకుని బల్ల మీద విప్పాను. ‘పూర్వ విద్యార్థుల’ అని ఉండవలసిన చోట ‘పూర్‌వ విద్‌యార్‌థుల’ అని ఉంది. వత్తులన్నీ విడిపోయి, ప్రతి అక్షరం నెత్తిన పొల్లు నిలబడింది. అరవై ముక్కల్లోనూ అదే. ప్రింటు ఖర్చు రెండోసారి కట్టి, రాత్రంతా మేలుకుని ప్రెస్ చేసి, సమ్మేళనం రోజు పొద్దున్నే అందించాను.

ఆ రాత్రి నుంచి ఈ పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ ఒకే మాట చెబుతున్నాను. యంత్రం ఆఖరున కొనండి. ముందు బట్ట, అక్షరం, లెక్క ఈ మూడూ చేతికి రావాలి. ఇంగ్లిష్ నినాదాలున్న చవక షర్టులు ప్రతి సంతలోనూ దొరుకుతాయి. వాటితో ధరలో పోటీపడి చిన్నవాడు నిలబడలేడు. తీరైన తెలుగు అక్షరం, నాలుగు ఉతుకులకు చెక్కుచెదరని ప్రింటు, చెప్పిన రోజుకు చేతికందిన సరుకు ఉంటే మాత్రం మీ ఊళ్లో మీ వెంట పడి ఆర్డర్లిస్తారు.

ముందు కొనేవారిని చూసుకోండి

డిజైన్లు గీసుకుని, వంద షర్టులు ముద్రించి, తర్వాత కొనేవారి కోసం వెతకడం చాలామంది చేసే పని. దాన్ని తిరగేయండి. మన ఊళ్లలో టీషర్టులు గుంపుగా కొనేవారు ఏడాది పొడవునా ఉంటారు. వినాయక చవితి ఉత్సవ సమితులు, సంక్రాంతి క్రికెట్ టోర్నమెంట్లు, కాలేజీ వేడుకలు, బతుకమ్మ ఆడే అపార్ట్‌మెంట్ల మహిళా బృందాలు, పాత విద్యార్థుల కలయికలు, పెళ్లిలో హల్దీ బృందం, టిఫిన్ సెంటర్ల సిబ్బంది, జిమ్‌లు, తీర్థయాత్రకు కలిసి వెళ్లే కుటుంబాలు. వీరిలో మీకు నేరుగా పరిచయమున్న రెండు గుంపులను ఎంచుకుని అక్కడ మొదలుపెట్టండి.

గుంపు ఆర్డరులో ఒకే డిజైను, ముందే తెలిసిన సైజులు, చేతికి అడ్వాన్సు, ప్రకటనల ఖర్చు సున్నా. విడిగా ఒక్కొక్క షర్టు ఆన్‌లైన్‌లో అమ్మడం ఆకర్షణీయంగా కనిపిస్తుంది కానీ, కొత్తవారి డబ్బు అక్కడే కరిగిపోతుంది. ఎందుకో కింద లెక్కలో చూపిస్తాను.

బట్ట

మనకు దొరికే ప్లెయిన్ టీషర్టుల్లో అధిక భాగం తమిళనాడులోని తిరుప్పూర్ నుంచి వచ్చేవే. మొదట్లో మీ దగ్గరి పట్టణంలోని హోల్‌సేల్ దుకాణం చాలు. నెలకు మూడు నాలుగు వందల షర్టులు తిరిగే స్థాయికి వచ్చాక ఒకసారి తిరుప్పూర్ వెళ్లి రండి. సికింద్రాబాద్ నుంచి తిరువనంతపురం వెళ్లే శబరి ఎక్స్‌ప్రెస్ అక్కడ ఆగుతుంది. స్టేషన్‌కు దగ్గర్లోని కాదర్‌పేటలో మిగులు సరుకు, సెకండ్స్ (చిన్న లోపాలున్న సరుకు) రాశులుగా అమ్ముతారు. ఆ రాశుల ధర చూసి మురిసిపోవద్దు. ఒకే రంగు అనుకున్న షర్టుల్లో రెండు మూడు ఛాయలు కలిసి ఉంటాయి, ఒకే సైజు చీటీ కింద వేర్వేరు కొలతలుంటాయి. గుంపు ఆర్డరుకు అవి పనికిరావు. ఏడాదంతా అదే రంగు, అదే కొలత ఇవ్వగల తయారీదారును పట్టుకోవడానికి వెళ్లండి.

బట్ట బరువును జీఎస్‌ఎంలో చెబుతారు, అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాములని. ఎన్నికల ప్రచారంలో పంచే పల్చటి షర్టులు 120, 140 దగ్గర ఉంటాయి. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే అవతల చెయ్యి కనిపిస్తుంది. రోజూ తొడుక్కునే రౌండ్ నెక్ షర్టుకు 180 సరిపోతుంది. యువత ఇష్టపడే వదులు షర్టులకు 220 నుంచి 240 ఉండాలి. మన ఎండలకు అంతకు మించిన మందం ఎవరూ భరించలేరు. కాలర్ షర్టు కావాలంటే దుకాణంలో మ్యాటీ అని అడగండి, చిన్న చిన్న గళ్లలా కనిపించే అల్లిక అది.

బయోవాష్ చేసిన (ఎంజైములతో ఉతికిన) నూలు బట్ట మీద నూగు తక్కువ, కాబట్టి ప్రింటు నునుపుగా కూర్చుంటుంది. దుకాణదారు ఎంత గట్టిగా చెప్పినా, ఒక్క షర్టు కొని ఇంటికి తెచ్చుకోండి. పొడవు, ఛాతీ కొలిచి రాసుకుని, ఉతికి, ఎండలో ఆరేసి మళ్లీ కొలవండి. 28 అంగుళాల పొడవు 27 అయిందంటే మూడున్నర శాతం కుదించుకుపోయినట్టు. అంతవరకు సరే. అంతకు మించితే ఆ సరుకు వద్దు. పక్క కుట్టును కూడా చూడండి. ఉతికాక అది మెలితిరిగి బొడ్డు వైపు వస్తే, మీరెంత బాగా ముద్రించినా బొమ్మ వంకరగానే కనిపిస్తుంది.

ఏ ప్రింటు ఎప్పుడు

స్క్రీన్ ప్రింటింగ్‌లో ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీన్, అంటే ఇంకు దిగే జాలీ చట్రం, తయారు చేయాలి. ముదురు రంగు బట్టయితే అన్నిటికన్నా ముందు తెల్ల పొర ఒకటి వేయాలి, దానికి మరో స్క్రీన్. డీటీఎఫ్ (డైరెక్ట్ టు ఫిల్మ్) పద్ధతిలో బొమ్మను ఫిల్ము మీద ముద్రించి, జిగురు పొడి అంటించి, వేడి ప్రెస్‌తో బట్ట మీదకు దింపుతారు. రంగులెన్నయినా ఖర్చు ఒకటే. సబ్లిమేషన్ (వేడికి రంగు ఆవిరై బట్టలో ఇంకే పద్ధతి) లేత రంగు పాలియెస్టర్ మీదే పని చేస్తుంది, నూలు మీద నిలవదు. వినైల్ (రంగు ప్లాస్టిక్ పొర) కత్తిరించి అంటించే పద్ధతి ఆటగాళ్ల పేర్లకు, నంబర్లకు సౌకర్యం.

మీ ఊరి ధరలతో ఈ లెక్క వేసి చూడండి. స్క్రీన్‌కు 400 రూపాయలు, ముద్రకు 15 రూపాయలు అనుకుందాం. అదే సైజు డీటీఎఫ్ ముక్క 50 రూపాయలు అనుకుందాం. ఒక రంగు బొమ్మయితే 12 షర్టుల దగ్గర స్క్రీన్ ఖర్చు 580, డీటీఎఫ్ ఖర్చు 600. అక్కడి నుంచి పెరిగే ప్రతి షర్టుకూ స్క్రీనే చవక. అదే బొమ్మలో మూడు రంగులుండి, బట్ట నల్లదైతే నాలుగు స్క్రీన్లకు 1,600 అవుతుంది. ముద్ర ఖర్చు 40కి చేరిందనుకుంటే, 160 షర్టులు దాటితే తప్ప స్క్రీన్ గిట్టదు. కాబట్టి ఏది మంచిదన్న ప్రశ్నకు జవాబు ఎప్పుడూ ఎన్ని షర్టులు, ఎన్ని రంగులు అన్న దాని మీదే ఉంటుంది.

డీటీఎఫ్ ప్రింటరును మొదటి ఏడాది కొనవద్దని నా గట్టి సలహా. అందులోని తెల్ల ఇంకు కదలకుండా ఉంటే అడుగున పేరుకుంటుంది, నాలుగు రోజులు పని లేకపోతే ఇంకు చిమ్మే నాజిళ్లు మూసుకుపోతాయి. రోజూ పని ఉన్నవారికే అది లాభం. ఫిల్మును బయట మీటరు లెక్కన ముద్రించుకుని, ఇంట్లో ఒక హీట్ ప్రెస్ పెట్టుకుంటే చాలు. 40 సెంటీమీటర్ల వెడల్పు, 50 సెంటీమీటర్ల పొడవు పలక ఉన్నది తీసుకోండి. చిన్న పలకల మీద పెద్ద వీపు బొమ్మను రెండుసార్లు నొక్కవలసి వస్తుంది, అతుకు కనిపిస్తుంది. దానికి 15 ఆంపియర్ల ప్లగ్గు కావాలి, ఫ్యాను స్విచ్చు పక్కనున్న చిన్న ప్లగ్గులో పెట్టవద్దు.

మీటరు లెక్కన ముద్రించుకునేటప్పుడు ఫిల్ములో ఖాళీ జాగా మీ డబ్బే. రోల్ వెడల్పు 60 సెంటీమీటర్లు, అందులో ముద్ర పడేది సుమారు 57. ఏ4 బొమ్మలు పక్కపక్కన రెండు, కిందికి మూడు, మొత్తం ఆరు పడతాయి. పక్కన 15 సెంటీమీటర్ల పట్టీ మిగులుతుంది. దాంట్లో ఛాతీ మీద వేసే 9 సెంటీమీటర్ల చిన్న గుర్తులు పది సర్దవచ్చు. అదే బొమ్మను 27 సెంటీమీటర్ల వెడల్పు, 23 సెంటీమీటర్ల ఎత్తులోకి మలచగలిగితే మీటరులో ఎనిమిది పడతాయి. డిజైను గీసే రోజునే ఈ ఆలోచన ఉండాలి.

తెలుగు అక్షరంతో పని

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. మిగతా పని అంతా ఎవరి దగ్గరైనా నేర్చుకోవచ్చు. తెలుగు అక్షరాన్ని శ్రద్ధగా చూసేవారు ఈ రంగంలో తక్కువ.

వత్తులు ఎందుకు విరిగిపోతాయంటే, మనం టైపు చేసేది విడివిడి సంకేతాలు. వాటిని కలిపి ఒక అక్షరంగా కూర్చే పని సాఫ్ట్‌వేర్ చేయాలి. పాత డిజైన్ సాఫ్ట్‌వేర్లలోనూ, భారతీయ భాషల అమరిక ఎంచుకోని కొత్తవాటిలోనూ ఆ కూర్పు జరగదు. మీ కంప్యూటర్‌లో సరిగ్గా కనిపించిన ఫైలే, ఆ ఫాంటు లేని మరో చోట తెరిస్తే చెదిరిపోతుంది. నాకు జరిగింది అదే. మందు తేలిక. అక్షరాలు సరిగ్గా ఉన్నాయని చూసుకున్నాక వాటిని అవుట్‌లైన్లుగా మార్చేయండి. అప్పుడు అవి అక్షరాలు కావు, గీతలు. ఏ కంప్యూటర్‌లో తెరిచినా మారవు. మార్చని ప్రతిని వేరే పేరుతో దాచుకోండి, లేకపోతే రేపు ఒక పేరు దిద్దాలన్నా మొదటినుంచి టైపు చేయాలి.

డీటీపీ దుకాణాల్లో ఇప్పటికీ అను స్క్రిప్టు ఫాంట్లు వాడేవారు చాలామంది. అవి యూనికోడ్ (అన్ని ఫోన్లూ, కంప్యూటర్లూ చదవగల ఉమ్మడి సంకేతాలు) కావు. అక్కడ టైపు చేసిన మాటను మీ ఫోనులోకి తెచ్చుకుంటే అర్థం లేని గుర్తులు కనిపిస్తాయి. వారి నుంచి అవుట్‌లైన్ చేసిన పీడీఎఫ్ అడగండి. మీరు మాత్రం యూనికోడ్‌తోనే మొదలుపెట్టండి. సిలికానాంధ్ర వెలువరించిన రామభద్ర, ధూర్జటి, మల్లన్న, సూరన్న, మండలి, గిడుగు వంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. వాటి లైసెన్సు అమ్మే వస్తువుల మీద వాడుకోవడానికి అనుమతిస్తుంది. లావుగా, దూరం నుంచి చదవగలిగేలా ఉండాలంటే నా చేయి రామభద్ర మీదకే వెళుతుంది.

ఫాంటు ఎంచుకున్నాక బొమ్మను అసలు సైజులో కాగితం మీద ముద్రించి, షర్టుకు పిన్నులతో తగిలించి, పది అడుగుల దూరం నుంచి చూడండి. మూడు సంగతులు పట్టుకోవాలి. మొదటిది వరుసల మధ్య దూరం. ఇంగ్లిష్‌కు సరిపోయే దూరం మనకు చాలదు. పై వరుసలోని ‘స్త్రీ’ కింద వేలాడే వత్తు, కింది వరుసలోని గుడిని తగులుతుంది. రెండోది సన్నని గీతలు. తలకట్టు చివర, ఏత్వం తోక ఒక మిల్లీమీటరు కన్నా సన్నగా ఉంటే జిగురు పొడి వాటికి సరిగా పట్టదు, మొదటి ఉతుకులోనే లేచిపోతాయి. మూడోది లోపలి ఖాళీలు. ‘ఠ’ నడిమి చుక్క, ‘క్ష’ మెలికల మధ్య జాగా స్క్రీన్ ఇంకుతో పూడుకుపోయి, చిన్న సైజులో మచ్చలా కనిపిస్తాయి. అక్షరాన్ని పెద్దది చేయండి, లేదా మాటలు తగ్గించండి. టీషర్టు మీద ఐదారు మాటలు దాటితే ఎవరూ చదవరు.

నిలువుగా పేర్చేటప్పుడు అక్షరాన్ని ముక్కలు చేయవద్దు. ‘సంక్రాంతి’ని నిలువుగా రాస్తే సం, క్రాం, తి అని మూడు మెట్లు రావాలి. సున్నాను ఒక మెట్టుగా, వత్తును మరో మెట్టుగా దించిన షర్టులు చూశాను, మనసు చివుక్కుమంటుంది.

బొమ్మ విషయానికొస్తే, ముద్రించబోయే అసలు సైజులో 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) ఉండాలి. ఏ3 బొమ్మకు 3,508 పిక్సెళ్ల వెడల్పు, 4,961 పిక్సెళ్ల ఎత్తు అన్నమాట. వెనుక తెల్లని నేల లేని పీఎన్‌జీగా ఇవ్వండి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే బొమ్మ నలిగిపోతుంది, డాక్యుమెంటుగా పంపమని ఖాతాదారుకు చెప్పండి. ఫోను తెర మీద మెరిసే చిలకపచ్చ, మిణుకుమనే గులాబీ రంగులు ఇంకులో రావు. ఆ మాట ముందే చెప్పి, ముద్రించిన నమూనా చూపించి ఒప్పించండి.

ఏవి ముద్రించకూడదు

సినిమా డైలాగులు, పోస్టర్లు, హీరోల ఫోటోలు అడిగేవారు రోజూ వస్తారు. అవి ఒకరి సొత్తు. 1957 నాటి కాపీరైటు చట్టం కింద రచనల మీద హక్కు రచయిత మరణించిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లు ఉంటుంది. 1983లో మరణించిన కవి పంక్తి మీద 2043 చివరి వరకు హక్కు ఉన్నట్టే. 1964లోగా కన్నుమూసినవారి రచనలు ఇప్పుడు అందరివీ. ఇక సామెతలు, పొడుపు కథలు, శతకాల నాటి పద్యాలు, ముగ్గుల తీరులు, తోలుబొమ్మల రూపురేఖలు మనకు వారసత్వంగా వచ్చిన సంపద. వాటిని ఒకసారి తవ్వి చూస్తే సినిమా మాట అవసరమే రాదు. కంపెనీల గుర్తులు, క్రికెట్ జట్ల చిహ్నాలు కూడా ట్రేడ్‌మార్కు కిందకు వస్తాయి, ముట్టుకోవద్దు.

ఆగస్టు 15కు ముందు బడుల నుంచి, యువజన సంఘాల నుంచి జాతీయ జెండా ముద్రించిన షర్టులు కావాలని అడుగుతారు. జాతీయ గౌరవ చిహ్నాల అవమాన నిరోధక చట్టం, 1971 ప్రకారం దుస్తుల బట్ట మీద జెండాను ముద్రించడం నిషిద్ధం. జెండా రూపం లేకుండా మూడు రంగులను డిజైనులో కలిపి, సందర్భానికి తగిన మాట రాసి ఇవ్వండి. చట్టం సంగతి మర్యాదగా చెబితే కాదనేవారు లేరు.

దేవుడి బొమ్మల విషయంలో చట్టం కన్నా మనసు పెద్దది. షర్టు బండ మీద పడి ఉతకబడుతుంది, వీపు మీద బ్యాగు వేళ్లాడుతుంది. అందుకే చవితి షర్టుల మీద నేను రూపానికి బదులు ఉత్సవం పేరు, ఏడాది, వీధి పేరు అందంగా కూర్చి ఇస్తాను. కావాలంటే తొండం ఒంపును ఒక్క గీతలో ఛాతీ మీద వేస్తాను.

ప్రెస్ దగ్గర

షర్టును పలక మీద పరిచి, ముందు ఖాళీగా ఐదు సెకన్లు నొక్కండి. బట్టలోని తేమ ఆవిరై పోతుంది, ముడతలు పోతాయి. వానాకాలంలో ఈ పని మరిచారంటే ప్రింటు అంచులు పట్టవు. మెడ కుట్టు కింద నాలుగు వేళ్ల దూరంలో బొమ్మ పై అంచు రావాలి. షర్టును నిలువుగా మధ్యకు మడిచి ఒక్క క్షణం ప్రెస్ తాకిస్తే సన్నని గీత పడుతుంది, అదే మీ మధ్య గీటు. కుట్లు, గుండీలు ఎత్తుగా ఉంటే లోపల దిండు పెట్టండి, లేకపోతే ఒత్తిడి సమంగా పడదు.

మామూలు డీటీఎఫ్ ఫిల్ముకు 150 నుంచి 160 డిగ్రీల వేడి, 10 నుంచి 15 సెకన్లు. కొన్ని ఫిల్ములను వేడిగా ఉండగానే ఒలవాలి, కొన్నిటిని పూర్తిగా చల్లారాకే. ఏ రకమో కొన్నప్పుడే అడగండి. చల్లారాక ఒలవవలసినదాన్ని తొందరపడి లాగితే అక్షరాల మూలలు ఫిల్ముతోనే వచ్చేస్తాయి. నెమ్మదిగా, బట్టకు దగ్గరగా వంచి, ఒక మూల నుంచి లాగండి. ఎక్కడైనా లేచినట్టు కనిపిస్తే ఆపి, ఫిల్మును తిరిగి పరిచి మళ్లీ నొక్కండి. ఒలిచాక టెఫ్లాన్ షీటు కప్పి మరో ఐదు సెకన్లు నొక్కితే ప్రింటు బట్టలో దిగుతుంది, ప్లాస్టిక్ మెరుపు తగ్గుతుంది.

క్రికెట్ జట్లకు ఇచ్చే డ్రై ఫిట్ షర్టులతో ప్రత్యేక జాగ్రత్త. అవి పాలియెస్టర్. ఎర్ర షర్టు మీద తెల్ల అక్షరాలు అతికిస్తే ఆ రోజు పాలలా ఉంటాయి, కొద్ది రోజులకు గులాబీ రంగుకు తిరుగుతాయి. వేడికి బట్టలోని రంగు ఆవిరై పైకి పాకడమే కారణం. తక్కువ వేడిలో అతుక్కునే ఫిల్ము, రంగును ఆపే పొర ఉన్న ఫిల్ము అడిగి తెచ్చుకోండి. ఎరుపు, మెరూన్ రంగుల్లో ఒక్క ముక్క ముద్రించి వారం ఆగి చూడనిదే ఆర్డరు ఒప్పుకోవద్దు.

కొత్త డిజైను, కొత్త బట్ట, కొత్త ఫిల్ము ఏది మారినా ఉతుకు పరీక్ష చేయాల్సిందే. 24 గంటలు ఆగి, మన ఇళ్లలో ఎలా ఉతుకుతారో అలాగే ఉతకండి. సబ్బు పట్టించి, బ్రష్షుతో రుద్ది, పిండి, ఎండలో ఆరేయండి. ఐదు సార్లు. తర్వాత ప్రింటును రెండు చేతులతో అడ్డంగా సాగదీయండి. సన్నని పగుళ్లు తెల్లగా కనిపిస్తే వేడో, ఒత్తిడో, సమయమో చాలలేదు. తిరగేసి ఉతకండి, ప్రింటు మీద ఇస్త్రీ పెట్టవద్దు అన్న చీటీ ప్రతి షర్టుతోనూ తెలుగులో ఇవ్వండి. అయినా కొందరు బండకేసి బాదుతారు, ఆ బాదుడుకు కూడా నిలవాలి మన సరుకు.

లెక్క

ఈ అంకెలు ఉదాహరణకే, మీవి వేసుకోండి. షర్టు 150, రవాణా 8, ప్రింటు 50, ప్రెస్ కూలి, కరెంటు 20, కవరు 8. మొత్తం 236. వందకు ఐదు చెడిపోతాయనుకుని 12 కలపండి. 248 రూపాయలు. మీ సొంత శ్రమకు కూలి రాయకపోతే ఈ లెక్క అబద్ధం. రేపు పనికి మనిషిని పెట్టుకున్న రోజున ఆ 20 రూపాయలు ఎక్కడి నుంచి వస్తాయి?

ఇదే షర్టును ఆన్‌లైన్‌లో 499కి అమ్మారనుకుందాం. కొరియర్ 60, చెల్లింపు రుసుము 10, ప్రకటన 60 కలిపితే ఖర్చు 378. జీఎస్టీ నమోదు ఉంటే 499లో 24 పన్నుకు పోతుంది. మిగిలేది 97. ఇప్పుడు అందాక డబ్బు ఇచ్చే పద్ధతిలో ఐదు పార్సిళ్లు పంపితే ఒకటి తిరిగొచ్చిందనుకోండి. షర్టు చెక్కుచెదరకుండా వచ్చినా, పోనూ రానూ కొరియర్ 120, ప్రకటన 60 పోయినట్టే. నాలుగింటి మీద వచ్చిన 388లో 180 తీసేస్తే 208. అమ్మిన షర్టుకు 52 రూపాయలు. అదే గుంపు ఆర్డరులో 60 షర్టులు పన్ను కాక 330 చొప్పున ఇస్తే, షర్టుకు 82 మిగిలి 4,920 చేతికొస్తుంది. అందుకే మొదటి ఏడాది గుంపు ఆర్డర్లతో గడపండి, ఆన్‌లైన్‌లో ముందే డబ్బు చెల్లించేవారికి మాత్రమే పంపండి.

ఆర్డరు తీసుకునే తీరు

సైజు దగ్గరే తగాదాలొస్తాయి. ‘నాది ఎల్’ అన్న మాట నమ్మవద్దు, ఒక్కో కంపెనీ ఎల్ ఒక్కో కొలత. ఎస్ నుంచి డబుల్ ఎక్స్ఎల్ వరకు ఒక్కో షర్టు ఉన్న సైజు సెట్ సంచిలో పెట్టుకుని తిరగండి. గుంపులో నలుగురైదుగురికి తొడిగి చూపించండి. దూరాన ఉన్నవారిని, తమకు సరిపోయే పాత షర్టును బల్ల మీద పరిచి చంక నుంచి చంకకు ఎన్ని అంగుళాలో కొలిచి పంపమనండి.

పేర్లు, సైజుల పట్టీని వారి చేతే రాయించుకోండి. వీపు మీద పేర్లుంటే మీరు టైపు చేసిన పట్టీని తిరిగి వారికి పంపి, ‘సరిగ్గా ఉన్నాయి’ అని రాతపూర్వకంగా జవాబు వచ్చాకే ముద్రించండి. ‘శ్రావణి’, ‘శ్రావ్య’ తారుమారైతే ఆ షర్టు ఇంకెవరికీ పనికిరాదు. సగం డబ్బు అడ్వాన్సు. మేనమామ కొడుకు అడిగినా సరే. పట్టీలో లేని ఎల్, ఎక్స్ఎల్ షర్టులు రెండేసి అదనంగా తెచ్చి పెట్టుకోండి, చివరి రోజు తప్పకుండా ఎవరో ఒకరు చేరతారు.

చవితికి ముందు వారం నల్ల రంగు, కాషాయ రంగు ఎల్ సైజులు హోల్‌సేల్ దుకాణాల్లో దొరకడం కష్టమవుతుంది. మూడు వారాల ముందే కమిటీవారిని మీరే పలకరించి సరుకు తెచ్చుకోండి.

ఆన్‌లైన్‌లో చూపించే ఫోటోలు పొద్దుటి వెలుతురులో, మనిషి తొడుక్కుని ఉండగా తీయండి. అక్షరం దగ్గరగా కనిపించే ఒక ఫోటో, అంగుళాల పట్టిక తప్పనిసరి. అమెరికాలోని తెలుగు సంఘాల నుంచి అడిగితే పార్సిల్ పంపే ముందు సుంకం లెక్క చూసుకోండి. 800 డాలర్ల లోపు సరుకుకు అక్కడ ఉన్న మినహాయింపును 2025 ఆగస్టు 29 నుంచి తీసేశారు. డిజైను ఫైలును మీరు అమ్మి, ముద్రణ వారి ఊళ్లోనే చేయించుకోమనడం ఇద్దరికీ మేలు.

కాగితాలు

ఉద్యమ్ (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు) ఆధార్‌తో ఆన్‌లైన్‌లో ఉచితంగా జరుగుతుంది, డబ్బడిగే మధ్యవర్తులను నమ్మవద్దు. వ్యాపారం పేరిట బ్యాంకులో కరెంట్ అకౌంట్ తెరవండి. రుణం కావాలంటే ముద్ర పథకంలో శిశు విభాగం కింద 50,000 వరకు, కిశోర్ కింద 5 లక్షల వరకు బ్యాంకులిస్తాయి. ఒక ప్రెస్, కొంత సరుకు కోసం శిశు చాలు.

సరుకులు అమ్మేవారికి జీఎస్టీ నమోదు పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షల టర్నోవర్, తెలంగాణలో 20 లక్షలు. అయితే ఈ పరిమితి రాష్ట్రం లోపలి అమ్మకాలకే. హైదరాబాద్‌లో ముద్రించి విజయవాడకు ఒక్క షర్టు అమ్మినా అది అంతర్రాష్ట్ర అమ్మకం, నమోదు కావాలి. రెండు రాష్ట్రాల్లోనూ చుట్టాలూ స్నేహితులూ ఉన్న మనం ఈ సంగతి తేలికగా మరిచిపోతాం. షర్టుకు 2,500 రూపాయల వరకు పన్ను 5 శాతం, 2025 సెప్టెంబరు 22 నుంచి అమల్లో ఉన్న రేటు ఇది. మీ వ్యాపారం పేరుకు ట్రేడ్‌మార్కు తీసుకోదలిస్తే దుస్తులు 25వ తరగతి కిందకు వస్తాయి.

ఇక ఆర్డరు అందించిన రోజు రాత్రి చేయవలసిన పని ఒకటుంది. ఖాతాదారు పేరు, సందర్భం, సంవత్సరంతో ఒక ఫోల్డరు చేసి, అందులో దిద్దడానికి వీలున్న ఫైలు, అవుట్‌లైన్ చేసిన ఫైలు, సైజుల పట్టీ, బట్ట తెచ్చిన దుకాణం, రంగు పేరు, ప్రెస్ వేడి, సెకన్లు అన్నీ రాసి దాచండి. దాని ప్రతి ఒకటి వేరే చోట ఉంచండి. ఆ 60 షర్టుల బృందం మూడేళ్ల తర్వాత ఫోను చేసి, అదే షర్టు మరో 22 మందికి కావాలని అడిగింది. ఫోల్డరు తెరిచాను, ‘పూర్వ విద్యార్థుల’ సరిగ్గా ఉందో లేదో ఇంకోసారి చదువుకున్నాను, ఫిల్ము ముద్రణకు పంపాను.